జో లూయీ – మహమ్మదాలీ : మా సెక్షన్‌లో తేలని ఫైలు



ప్రత్యేక సంచికకు ఏదైనా రాసి ఇమ్మని కార్యదర్శి గారు అడిగినప్పుడు నేను డి.ఏ. బకాయిల గురించి రాస్తాననుకున్నారు. ఆ విషయం నాకన్నా బాగా రాయగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను రాయదలచినది వేరే బకాయి. నా సొంత బకాయి. అది తీర్చుకోవడానికి ముష్టియుద్ధం గురించి, అంటే బాక్సింగ్ గురించి, కొంత చెప్పక తప్పదు. మన పత్రికలో బాక్సింగ్ ఏమిటని విసుక్కోకుండా చివరిదాకా చదవమని మనవి.

నేను 1972లో కాకినాడలో ఒక జిల్లా కార్యాలయంలో ఎల్.డి.సి.గా చేరాను. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. మా సెక్షన్‌కు ఒక హెడ్డు గుమాస్తా గారు ఉండేవారు. 1926లో పుట్టిన మనిషి. తెల్లని పంచె, మోచేతుల దాకా మడిచిన చొక్కా, జేబులో రెండు కలాలు. నోట్ ఫైలు రాస్తే రెండు పేజీలు దాటేది కాదు, అందులో తీసేయడానికి ఒక్క మాట దొరికేది కాదు. అందరం ఆయన్ని "గురువుగారూ" అనే పిలిచేవాళ్లం. ఆయన నన్ను "ఏమోయ్ అబ్బాయ్" అనేవారు.

ఆయనకు ఉన్న ఒకే ఒక్క వ్యసనం జో లూయీ. కాఫీ కూడా రోజుకు ఒక్కటే. కానీ మధ్యాహ్నం క్యారేజీ విప్పగానే జో లూయీ రావలసిందే. నాకేమో మహమ్మదాలీ. "ఇద్దరూ మంచి వయసులో ఎదురుపడితే ఎవరు గెలుస్తారు?" అన్నది మా మధ్య నడిచిన ఫైలు. 1974లో మొదలైన ఆ ఫైలు ఆయన పోయేదాకా క్లోజు కాలేదు.

సర్వీసు రిజిస్టర్లు

ముందుగా ఇద్దరి సర్వీసు రిజిస్టర్లు మీ ముందు పెడతాను.

జో లూయీ 1914లో అమెరికాలోని అలబామా రాష్ట్రంలో కౌలు వ్యవసాయం చేసుకునే నల్లజాతి కుటుంబంలో పుట్టాడు. 1937 జూన్ 22న షికాగోలో జేమ్స్ బ్రాడాక్‌ను ఎనిమిదో రౌండులో పడగొట్టి హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. 1949 మార్చిలో తానుగా విరమించుకునే వరకు ఆ పదవి ఆయనదే. పదకొండు సంవత్సరాల పై చిలుకు. ఆ కాలంలో 25 సార్లు టైటిలు నిలబెట్టుకున్నాడు. హెవీవెయిట్ విభాగంలో ఆ లెక్కను ఇంతవరకు ఎవరూ దాటలేదు.

మహమ్మదాలీ 1942లో కెంటకీ రాష్ట్రం లూయీవిల్‌లో పుట్టాడు. మొదటి పేరు కాషియస్ క్లే. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం. 1964 ఫిబ్రవరి 25న, అందరూ భయపడే సోనీ లిస్టన్‌ను ఓడించి ఇరవై రెండేళ్లకే ఛాంపియన్. 1974లో రెండోసారి, 1978లో మూడోసారి అదే పదవి. మొత్తం 61 పోటీల్లో 56 గెలుపులు, 5 ఓటములు.

రెండు రిజిస్టర్లలోనూ ఒక ఖాళీ ఉంది. మన ఉద్యోగులకు ఆ ఖాళీ బాగా అర్థమవుతుంది.

లూయీ 1942 జనవరిలో సైన్యంలో చేరాడు. ఆ ఏడాది రెండు పోటీల్లో వచ్చిన సంపాదనను నావికుల సహాయనిధికి, సైనికుల సహాయనిధికి ఇచ్చేశాడు. 1942 మార్చి నుంచి 1946 జూన్ దాకా, నాలుగేళ్లకు పైగా, టైటిలు పోటీ ఆడలేదు. సైనికుల ముందు ప్రదర్శన పోటీలు ఆడుతూ తిరిగాడు. ఆ కాలమంతా ఆయన టైటిలు ఆయన దగ్గరే భద్రంగా ఉంది. అంటే ఆ నాలుగేళ్లు డ్యూటీ కింద లెక్క.

అలీకి 1967లో సైన్యంలో చేరమని తాఖీదు వచ్చింది. వియత్నాం యుద్ధానికి నేను వెళ్లనన్నాడు. ఏప్రిల్ 28న హ్యూస్టన్‌లో పేరు పిలిచినప్పుడు ముందుకు అడుగు వేయలేదు. టైటిలు ఊడలాక్కున్నారు. అయిదేళ్ల జైలుశిక్ష, పది వేల డాలర్ల జరిమానా వేశారు. అప్పీలు నడుస్తున్నందువల్ల జైలుకు వెళ్లలేదు గాని మూడున్నరేళ్లు రింగులోకి రానివ్వలేదు. 1971 జూన్ 28న అమెరికా సుప్రీంకోర్టు ఎనిమిది మంది న్యాయమూర్తుల ఏకాభిప్రాయంతో శిక్ష కొట్టివేసింది. మన భాషలో చెప్పాలంటే, అభియోగాలు రుజువు కాలేదు, కానీ సస్పెన్షన్ కాలాన్ని డ్యూటీగా పరిగణించే అధికారి మాత్రం ఎవరూ లేరు. ఇరవై అయిదు నుంచి ఇరవై ఎనిమిది దాకా, కాళ్లు గాలిలో తేలే వయసు, తిరిగి రాలేదు.

ఒకరికి సైన్యంలోకి వెళ్లినందుకు, మరొకరికి వెళ్లనన్నందుకు మంచి వయసు పోయింది. ఈ సంగతి మొదట నాకు చూపించింది మా హెడ్డు గుమాస్తా గారే.

కంప్యూటరు తీర్పు

ఇలాంటి వాదం మాదొక్కటే కాదు. అమెరికాలో దీన్ని ఏకంగా వ్యాపారం చేశారు. మయామీకి చెందిన ముర్రే వొరోనర్ అనే ఆయన 1967లో పాత, కొత్త ఛాంపియన్ల వివరాలన్నీ కంప్యూటరుకు ఎక్కించి, అది చెప్పిన ఫలితాల ప్రకారం రేడియోలో ఉత్తుత్తి టోర్నమెంటు నడిపాడు. అందులో అలీ ఎప్పటివాడో అయిన జిమ్ జెఫ్రీస్ చేతిలో ఓడిపోయాడని వచ్చింది. అలీ ఊరుకుంటాడా? పరువు నష్టం కింద పది లక్షల డాలర్లకు దావా వేశాడు. చివరికి రాజీ కుదిరి, ఆ టోర్నమెంటు గెలిచిన రాకీ మార్షియానోతో ఒక సినిమా పోటీకి ఒప్పుకున్నాడు.

1969లో ఇద్దరినీ నిజంగానే రింగులోకి దింపి, ఒక్కొక్క నిమిషం చొప్పున డెబ్బైకి పైగా రౌండ్లు తీశారు. ఎప్పుడో 1956లో విరమించుకున్న మార్షియానో దానికోసం ఒళ్లు తగ్గించుకుని, బట్టతల మీద విగ్గు పెట్టుకుని వచ్చాడు. ముగింపులు కూడా రకరకాలుగా తీసి పెట్టుకున్నారు. షూటింగు అయిన కొద్ది వారాలకే, 1969 ఆగస్టు 31న, మార్షియానో విమాన ప్రమాదంలో చనిపోయాడు. 1970 జనవరిలో థియేటర్లలో చూపించినప్పుడు అమెరికాలో మార్షియానో పదమూడో రౌండులో నాకౌట్‌తో గెలిచాడు. ఐరోపాకు వెళ్లిన ప్రతిలో అలీ గెలిచాడు!

ఈ కథ విని మా గురువుగారు పడి పడి నవ్వారు. "ఒకే ఫైలు మీద రెండు ఆర్డర్లు! ఏ ఊరి ఆఫీసరు అడిగితే ఆ ఊరికి తగినది పంపించారు. ఇంక దానికి కంప్యూటరు ఎందుకోయ్, మన సెక్షన్ చాలు" అన్నారు. తరువాత మన ఆఫీసులకు కంప్యూటర్లు వచ్చినప్పుడల్లా నాకు ఆ మాట గుర్తుకొచ్చేది.

నోషనల్ ఫిక్సేషన్

కంప్యూటరు చేయలేనిది గుమాస్తా చేయగలడని ఆయన నమ్మకం. "1938 నాటి జీతాన్ని 1966 జీతంతో నేరుగా పోలుస్తామా? పోల్చం. ముందు కొత్త స్కేలులో నోషనల్‌గా ఫిక్స్ చేస్తాం. లూయీని కూడా అలాగే ఫిక్స్ చెయ్యాలి" అనేవారు. ఆ పద్ధతిలోనే మా వాదం నడిచింది.

ముందుగా కొలతలు. లూయీ ఎత్తు ఆరడుగుల రెండంగుళాలు. అలీ ఒక అంగుళం ఎక్కువ, చేతుల చాపు రెండంగుళాలు ఎక్కువ. లూయీ మంచి వయసులో 200 పౌండ్ల దగ్గర ఉండేవాడు. 1966 నవంబరులో హ్యూస్టన్‌లో క్లీవ్‌లాండ్ విలియమ్స్‌ను మూడో రౌండులో ముగించిననాటి అలీ 212 పౌండ్లు. అంత బరువుతో కూడా చిన్న బరువు వాళ్లకన్నా వేగంగా కదిలాడు. ఇది నా మొదటి పాయింటు.

దానికి ఆయన జవాబు: "బరువు కాదోయ్, దెబ్బ ప్రయాణం చేసే దూరం చూడు. లూయీ దెబ్బ ఆరంగుళాలు కదిలితే చాలు. ఎదుటివాడికి చెయ్యి లేవడం కనపడదు, పడిపోవడమే తెలుస్తుంది." ఇది అతిశయోక్తి కాదు. 1938 జూన్ 22న న్యూయార్క్ యాంకీ స్టేడియంలో జర్మనీ యోధుడు మాక్స్ ష్మెలింగ్‌ను లూయీ రెండు నిమిషాల నాలుగు సెకన్లలో ముగించాడు. ఇప్పుడు మా మనవడి సెల్‌ఫోనులో ఆ పోటీ దొరుకుతోంది. నేను కళ్లద్దాలు తుడుచుకుని నాలుగుసార్లు చూశాను. గురువుగారు చెప్పింది అక్షరాలా నిజం. ఒక్క దెబ్బ కూడా వృథాగా పోలేదు. ఆయన నోట్ ఫైలు లాగే ఉంది.

నా రెండో పాయింటు కాళ్లు. లూయీకి కదిలేవాళ్లంటే ఇబ్బంది. 1941 జూన్ 18న బిల్లీ కాన్ అనే 174 పౌండ్ల కుర్రాడు పన్నెండు రౌండ్ల పాటు ఆయన్ని తిప్పలు పెట్టాడు. పాయింట్లు వేసే ముగ్గురిలో ఇద్దరి లెక్కలో కాన్ ముందున్నాడు. పదమూడో రౌండులో నాకౌట్ చేద్దామని ఆశపడి ఎదురు నిలబడ్డాడు. లూయీ చేతికి చిక్కాడు, అయిపోయాడు. "కాన్‌కు నలభై పౌండ్లు కలపండి, అందులోంచి ఆశను తీసేయండి. మిగిలేది అలీయే గురువుగారూ" అనేవాణ్ని.

"అలీలోంచి ఆశను తీసేయగలవా నువ్వు?" అని ఆయన ప్రశ్న. తరువాత అసలు దెబ్బ: "మీవాడు చేతులు కిందికి దించి, దెబ్బ వస్తుంటే తల వెనక్కి వంచుతాడు. ఎడమచేతి హుక్ ఎవరిదైనా తగిలితీరాల్సిందే. 1962లో సోనీ బ్యాంక్స్, 1963లో హెన్రీ కూపర్, 1971లో ఫ్రేజియర్. ముగ్గురూ ఎడమచేతి హుక్‌తోనే కింద కూర్చోబెట్టారు. లూయీ ఎడమచెయ్యి ఆ ముగ్గురి చేతులకు గురువు."

దీనికి నా దగ్గర ఉన్న జవాబు ఒక్కటే. ముగ్గురూ పడగొట్టారు, ముగ్గురు కొట్టినా మీద లేచాడు. అలీ లేస్తాడు. 1971 మార్చి 8న ఫ్రేజియర్‌తో పదిహేనో రౌండులో ఆ దెబ్బకు మరొకరైతే అక్కడే పడుకునేవారు. అలీ వెంటనే లేచి గంట కొట్టేదాకా నిలబడ్డాడు.

లూయీలో లోపం లేదా అంటే ఉంది. ఎడమ జాబ్ విసిరాక ఆ చెయ్యి కిందికి జారేది. 1936లో ష్మెలింగ్ అది కనిపెట్టి, దాని మీదుగా కుడిచేత్తో కొట్టి, పన్నెండో రౌండులో ఓడించాడు. 1947 డిసెంబరులో జెర్సీ జో వాల్కాట్ రెండుసార్లు పడగొట్టాడు. అలీ కుడిచెయ్యి కూడా సూటిగా, వేగంగా వచ్చేది.

1974 అక్టోబరు 30, బుధవారం, కిన్షాసాలో అలీకీ జార్జి ఫోర్‌మన్‌కూ పోటీ. ఫోర్‌మన్ అప్పటిదాకా నలభైకి నలభై గెలిచినవాడు. మా సెక్షన్‌లో ఒక కిలో కాజాలు పందెం. అలీ తాళ్లకు ఆనుకుని దెబ్బలు కాచుకుంటూ, ఫోర్‌మన్ అలిసిపోయాక ఎనిమిదో రౌండులో పడగొట్టాడు. కాజాలు గురువుగారే తెచ్చారు. అందరికీ పంచిపెట్టి, తానూ ఒకటి తిని, "ఈ విద్య లూయీ దగ్గర పనిచేయదు. ఫోర్‌మన్ విసిరేవాడు. విసిరేవాడు అలుస్తాడు. లూయీ విసరడు, పెడతాడు. తాళ్లకు ఆనుకున్నవాడు లూయీకి వడ్డించిన విస్తరి" అన్నారు. దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

నా నోటిదురుసు

ఇప్పుడు నా బకాయి సంగతి. 1975 అక్టోబరు 1న మనీలాలో అలీ ఫ్రేజియర్‌ను పద్నాలుగు రౌండ్లలో గెలిచాడు. ఆ తరువాత నేను పట్టపగ్గాలు లేకుండా ఉన్నాను. యూనియన్‌లో కొత్తగా తిరుగుతున్న రోజులు కూడాను. మాటామాటా పెరిగింది. సెక్షన్ అంతా వింటుండగా ఇలా అన్నాను: "మీ లూయీ కాగితం రాగానే సంతకం పెట్టి సైన్యంలోకి వెళ్లాడు. ఉన్నదంతా ఇచ్చేసి చివరికి పన్ను బాకీల్లో పడ్డాడు. మావాడు కాదని చెప్పి నిలబడ్డాడు. మీరూ లూయీ లాంటివారే గురువుగారూ! పైనుంచి ఏ కాగితం వచ్చినా చిత్తం అని ఇనీషియల్ వేస్తారు."

ఆయన కలానికి మూత పెట్టారు. క్యారేజీ సర్దుకున్నారు. ఏమీ అనలేదు. తరువాత నెల రోజులు మా మధ్య ఆఫీసు మాటలు తప్ప మరో మాట లేదు.

నవంబరులో ఒక సాయంత్రం తుఫాను వాన పట్టుకుంది. అందరూ వెళ్లిపోయారు. వరండాలో మేమిద్దరమే మిగిలాం. వానను చూస్తూ ఆయనే మొదలుపెట్టారు.

"1944లో నాకు పద్దెనిమిదేళ్లు. ఇంట్లో గడవక మిలటరీ స్టోర్సులో గుమాస్తాగా అస్సాం వెళ్లాను, లీడో దగ్గర. అక్కడినుంచి బర్మా మీదుగా చైనాకు రోడ్డు వేస్తున్నారు. ఆ పని చేసిన అమెరికా సైనికుల్లో సగానికి పైగా నల్లవాళ్లే. తెల్లవాళ్ల గుడారాలు వేరు, వీళ్లవి వేరు. భోజనం వేరు. వాన, బురద, మలేరియా మాత్రం అందరికీ ఒక్కటే. ఒకతను సామాన్ల లెక్కకు నా దగ్గరికి వచ్చేవాడు. గుడారంలో పేపరులోంచి కత్తిరించిన జో లూయీ బొమ్మ అంటించుకున్నాడు. మాకు దేవుడి పటం లాగ. ఈయన గెలిచిన రాత్రి మా అమ్మ వీధిలోకి వచ్చి ఏడ్చింది, ఆమె ఏడవడం నేను చూడటం అదే మొదలు, అని చెప్పాడు."

కాసేపాగి మళ్లీ అన్నారు: "లూయీ నోరు మూసుకున్నాడని నీకు చిన్నచూపు. అతనికి ముందు జాక్ జాన్సన్ అనే నల్లవాడు ఛాంపియన్‌గా ఉన్నాడు. గెలిచి నవ్వేవాడు. అతను ఓడిపోయాక, 1915 నుంచి 1937 దాకా ఇరవై రెండేళ్లు, ఒక్క నల్లవాడికి కూడా ఆ టైటిలుకు పోటీ చేసే అవకాశం ఇవ్వలేదు. అందుకే లూయీ మేనేజర్లు ముందే నియమాలు పెట్టారు, పడిపోయిన తెల్లవాడి ముందు నవ్వకూడదని. నోరు మూసుకోవడం అతని వెర్రితనం కాదోయ్. మూసుకున్న నోటితోనే తలుపు తీశాడు. ఆ తలుపులోంచే మీవాడు అరుచుకుంటూ లోపలికి వచ్చాడు. అరవడం తప్పని నేననను. అతనూ పెద్దవాడే. కానీ తలుపు తీసినవాణ్ని చిత్తం గాడు అనకు."

ఆ క్షణంలో క్షమించండి అనాలి. అనలేకపోయాను. పాతికేళ్ల పొగరు. వాన తగ్గాక ఎవరి సైకిలు వాళ్లం ఎక్కాం.

ఛార్జి అప్పగించిన రోజు

1983 ఫిబ్రవరిలో పదవీ విరమణ వయసు 58 నుంచి 55కు తగ్గింది. ఆ నెలాఖరున ఎందరు ఒక్కసారిగా ఇళ్లకు వెళ్లారో మన సభ్యులకు చెప్పనక్కరలేదు. వారిలో మా గురువుగారు ఒకరు. చివరి అమ్మాయి పెళ్లి ఇంకా కాలేదు. తరువాత వయసు మళ్లీ 58కి మారేనాటికి ఆయనకు 58 దాటిపోయాయి. ఫిబ్రవరి 28 సాయంత్రం బీరువా తాళాలు, ఫైళ్ల జాబితా నాకు అప్పగించారు. జాబితాలో ఒక్క కొట్టివేత లేదు. "ఏమోయ్, రెఫరీ ఆపేశాడు. నేనింకా నిలబడే ఉన్నాను" అని నవ్వారు.

వారం తరువాత బీరువా సర్దుతుంటే 1973 నాటి పాత ఫైలొకటి దొరికింది. దాని మీద నా పేరుంది. ఆ ఏడాది నేను సెలవు మంజూరు కాకుండానే పదకొండు రోజులు యూనియన్ పని మీద తిరిగాను. అది ఎలాగో సర్దుకుందనుకున్నాను. అప్పటి అధికారి సర్వీసులో బ్రేకు వేసి ప్రొబేషన్ పొడిగించాలని ప్రతిపాదించినట్టు ఆ రోజుదాకా నాకు తెలియదు. కింద గురువుగారి చేతిరాతలో ఒకటిన్నర పేజీ నోటు. నియమం సంఖ్య, అర్హమైన సెలవు లెక్క, పనిలో లోపం లేదన్న ఒక్క వాక్యం, చివర "ఈ ప్రతిపాదనతో ఏకీభవించలేకపోతున్నాను" అని. దాని కింద అధికారి సంతకం: "సెలవుగా పరిగణించవచ్చును."

చిత్తం అనే మనిషి కాదని రాశాడు. నా కోసం రాశాడు. రాసినట్టు పదేళ్లు ఎవరికీ చెప్పలేదు. 1975లో నేను సెక్షన్ అందరి ముందూ ఆ మాట అన్నప్పుడు ఆ ఫైలు ఆయన వెనకున్న బీరువాలోనే ఉంది. తీసి చూపిస్తే నేను తల ఎత్తేవాణ్ని కాదు. కలానికి మూత పెట్టారు, అంతే. ఆ బ్రేకు పడి ఉంటే సీనియారిటీలో నా తరువాతి ఆరుగురు నా ముందుకు వచ్చేవారు. ఈనాడు నేను అందుకుంటున్న పింఛనులో కూడా ఆ ఒకటిన్నర పేజీ ఉంది.

చివరి వాదం

ఇద్దరు యోధుల విశ్రాంత జీవితం కూడా చెప్పుకోవాలి, మనం పింఛనుదారులం కనుక. లూయీకి పన్ను బకాయిలు వడ్డీలతో పది లక్షల డాలర్లు దాటాయి. అందుకే విరమించుకున్నాక మళ్లీ రింగు ఎక్కాడు. 1950లో ఎజార్డ్ చార్లెస్ చేతిలో, 1951లో మార్షియానో చేతిలో ఓడాడు. చివరి రోజుల్లో లాస్ వేగాస్‌లో ఒక జూదశాల హోటలులో అతిథులను పలకరించే ఉద్యోగం. 1981 ఏప్రిల్ 11న లారీ హోమ్స్, ట్రెవర్ బెర్బిక్‌ల పోటీకి చక్రాల కుర్చీలో వచ్చాడు. మర్నాడు కన్నుమూశాడు. దేశాధ్యక్షుడి ప్రత్యేక అనుమతితో సైనిక లాంఛనాలతో ఆర్లింగ్టన్‌లో ఖననం చేశారు. అలీ కూడా ఆగవలసిన చోట ఆగలేదు. 1980లో అదే హోమ్స్, 1981 డిసెంబరులో అదే బెర్బిక్ అతన్ని ఓడించారు. 1984లో పార్కిన్సన్ వ్యాధి అని తేలింది. సమయానికి రిటైరు కావడం కూడా ఒక భాగ్యమేనని నాకు వీరిద్దర్నీ చూశాకే తెలిసింది.

1996లో అట్లాంటా ఒలింపిక్స్ ప్రారంభం మనకు ఉదయం పూట టీవీలో వచ్చింది. నేను గురువుగారి ఇంట్లోనే చూశాను. ఆయనకు డెబ్బై. శుక్లాల ఆపరేషన్ అయిన కళ్లతో టీవీకి బాగా దగ్గరగా కూర్చున్నారు. కాగడా అందుకోవడానికి అలీ వచ్చాడు. ఎడమచెయ్యి ఆగకుండా వణుకుతోంది. గదిలో ఎవరూ మాట్లాడలేదు. జ్యోతి వెలిగాక గురువుగారు నా వైపు తిరిగి, "ఇప్పుడు చెప్పవోయ్, ఎవరు గెలుస్తారు?" అన్నారు.

"మీ లూయీయే గురువుగారూ" అన్నాను.

ఆయనకు కోపం వచ్చింది. నేను చూసిన కోపం అదొక్కటే. "అబద్ధం. నన్ను సంతోషపెట్టడానికి తీర్పు మారుస్తావా? నోటులో ఏది నిజమనుకుంటే అదే రాయాలి. ముసలివాడి మొహం చూసి రాయకూడదు" అన్నారు.

1973 ఫైలు చూశానని ఆ రోజైనా చెప్పాలనుకున్నాను. వాళ్లావిడ గారు కాఫీ తెచ్చారు. మాట దారి మళ్లింది. 1999లో ఆయన పోయారు.

కనుక ఇప్పుడు, నిజమనుకున్నదే రాస్తున్నాను. 1938 నాటి లూయీ, 1966 నాటి అలీ, పదిహేను రౌండ్లు. అలీ ఒకసారి తప్పక కింద పడతాడు, ఎడమచేతి హుక్‌కే. లేస్తాడు. చివరికి పాయింట్ల మీద అలీ గెలుస్తాడు, తేడా చాలా తక్కువగా. కానీ 1970లో తిరిగి వచ్చిన అలీ అయితే, తాళ్లకు ఆనుకునే అలీ అయితే, లూయీదే గెలుపు. పదిసార్లు జరిగితే ఆరు అలీవి, నాలుగు లూయీవి. గురువుగారూ, ఇది మీ మొహం చూసి రాసింది కాదు.

రెండో విషయం. 1975 అక్టోబరులో సెక్షన్ అందరి ముందూ నేనన్న మాట తప్పు. ఆ రోజు అక్కడున్న వారిలో ఇద్దరు ఈ సంచిక చదువుతారు. అందరి ముందూ అన్నమాటను అందరి ముందే ఉపసంహరించుకోవాలి కదా. ఇరవై నాలుగేళ్లు మీరు ఎదురుగా ఉండగా చెప్పలేకపోయాను. నోరు పెద్దదే గాని, ఆ ఒక్క మాటకు చాలలేదు.

మన సంఘంలో ఇప్పటికీ ఎవరి పై అధికారో, ఎవరి హెడ్డు గుమాస్తాయో బతికే ఉన్నారు. మీకూ చెప్పవలసిన మాటేదైనా మిగిలిపోయి ఉంటే, లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి బయలుదేరినప్పుడు దారిలో వారి ఇంటికి కూడా వెళ్లి రండి. కాఫీ వచ్చేలోపే చెప్పేయండి.

సెలవు.